నమూనా శకటము

పెద్ద వస్తువును అదే ఆకృతిలో చిన్నదిగా చేసి చూచుకొనుట మానవునకు మిక్కిలి ప్రాచీనమైన వేడుక. సంక్రాంతి దినములలో మన యిండ్ల యందు బొమ్మల కొలువు తీర్చుదురు గదా! అందులో అంబారీ మోయు ఏనుగు జానెడు ఎత్తున నిలుచును. తాటిచెట్టు నెక్కు గీతకార్మికుడు వ్రేలెడైన నుండడు. అయినను ఆ చెట్టు తాటిచెట్టే యనియు, ఆ మనుష్యుడు ఎక్కుచున్నాడే గాని దిగుట లేదనియు పసిపిల్లలు సైతము చెప్పగలరు. చిన్నదానిలో పెద్దదానిని చూపగలుగుటయే ఆ పనివాని నేర్పు. ఆ నేర్పు ఎంత కష్టమైనదో, అందు సత్యమునకు ఎంతటి చోటు కలదో నాకు ఎనిమిదవ తరగతిలో తెలిసినది. ఆ కథ మీకు చెప్పెదను.

విజయవాడలో నేను చదువుచున్న పాఠశాలలో ఆగస్టు 15వ తేదీన స్వాతంత్ర్య దినోత్సవము నాడు విద్యార్థులు తమ చేతులతో చేసిన వస్తువులను ప్రదర్శించుట ఆచారము. వేసవి సెలవులకు ముందే చిత్రలేఖనోపాధ్యాయులు మమ్ముల నందఱను పిలిచి, "ఎవరేమి చేయుదురో చెప్పుడు" అనిరి. ఒకడు ప్రకాశము బ్యారేజి ననెను. ఒకడు లంక గ్రామపు పూరిల్లు ననెను. నేను ఏమియు ఆలోచింపకయే, "యుద్ధశకటము, అనగా ట్యాంకు చేసెదనండి" అంటిని. తరగతి యంతయు నావైపు తిరిగి చూచెను. నాకు కావలసినదియు అదియే.

ట్యాంకు అను మాటకు నీటితొట్టి యని అర్థము. ఇనుపకవచము గల యుద్ధవాహనమునకు ఆ పేరెట్లు వచ్చెనో మీరు తెలిసికొనవలెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయులు ఈ వాహనమును రహస్యముగా నిర్మించుచు, చూచువారికి అనుమానము కలుగకుండ నీరు మోయు తొట్లను చేయుచున్నామని చెప్పిరి. 1916వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సు దేశములోని సోమ్ యుద్ధరంగమున అవి మొదటిసారి కదలినవి. రహస్యము బయటపడినను పేరు మాత్రము నిలిచిపోయెను.

మా మాతామహులు బందరు కాలువ గట్టుననున్న ఒక గ్రామమున నివసించుచుండిరి. వారు యౌవనమున సైన్యములో చేరి, సికిందరాబాదులో శిక్షణ పొంది, శకటములను మరమ్మతు చేయు విభాగమున చాలకాలము పనిచేసిరి. సెలవులకు వెళ్లి నేను నా సంకల్పము చెప్పగా వారు కొంతసేపు ఊరకుండి, "ఏ శకటము?" అని ప్రశ్నించిరి. "శకటమునకు శకటమునకు భేదమేమి తాతగారూ?" అంటిని. "ఎద్దుకును దున్నపోతుకును భేదము లేదా?" అని వారు నవ్విరి. పిమ్మట పలకపై ఒక బొమ్మ గీచిరి. అది పడవ ముక్కువలె ముందుకు వాలిన మొగమును, ఒక్కొక్క వైపున ఆఱేసి చక్రములును, పైన చిన్న గోపురమును గల శకటము.

"దీని పేరు పీటీ-76. రష్యావారు 1950వ దశకపు ప్రారంభమున చేసినారు. ఇది నేలపై నడచును, నీటిపై తేలును. మన కృష్ణ వంటి నదుల దేశమునకు తగినది. నీవు డెల్టా బిడ్డవు, దీనిని చేయుము" అనిరి.

ఇనుపశకటము నీటిపై తేలుట యెట్లు? ఆర్కిమెడీసు సూత్రము మీరు చదివియున్నారు. ఆ శకటపు బరువు సుమారు 14 టన్నులు. అది 14 ఘనపు మీటర్ల నీటిని త్రోసిపుచ్చగలిగినచో తేలును. అందుకై దాని దేహమును పెద్ద పెట్టెవలె బోలుగాను, కవచమును పలుచగాను చేసిరి. ఎక్కువ మందముగా నున్న చోట కూడ కవచము సుమారు 20 మిల్లీమీటర్లే. వెనుకభాగమున నున్న రెండు గొట్టములగుండ నీటిని వేగముగా వెలికి చిమ్ముచు అది నదిలో ముందుకు సాగును. నీటిలో దిగుటకు ముందు అలలు పైకి రాకుండ ముందువైపున ఒక పలకను లేవనెత్తుదురు. లోపల ముగ్గురు మనుష్యులు మాత్రమే కూర్చుందురు. నేతిడబ్బా ఖాళీదైనచో నీటిపై తేలును గదా! అందుచేత మన సైనికులు దీనిని ముద్దుగా 'పిప్పా' అనిరి. పంజాబీ భాషలో ఆ మాటకు డబ్బా యని అర్థము.

ఈ డబ్బాలే 1971వ సంవత్సరము నవంబరు 21వ తేదీన, నేడు బంగ్లాదేశమని పిలువబడు ప్రదేశములోని గరీబ్‌పూర్ గ్రామమువద్ద తమకంటె బలమైనవని పేరుపొందిన చాఫీ శకటముల నెదిరించినవి. 14వ పంజాబు పటాలమునకు తోడుగా 45వ అశ్వికదళమునకు చెందిన 14 పీటీ-76 శకటములు నిలిచినవి. ఉదయపు మంచులో జరిగిన ఆ పోరున మనవారికి విజయము కలిగెను. శకటదళనాయకుడగు మేజర్ దల్జీత్ సింగ్ ఆ పోరుననే ప్రాణము లర్పించెను. మరణానంతరము ఆయనకు మహావీరచక్ర పురస్కార మీయబడెను. పీటీ-76 శకటములు ఇప్పుడు మన సైన్యమున వాడుకలో లేవు.

ఇక నిర్మాణము. నమూనా చేయువానికి మొదట కావలసినది ఉలి కాదు, లెక్క. భూగోళపటమునకు స్కేలు ఉండునట్లే నమూనాకును ఉండవలెను. మేము 35వ వంతును ఎంచుకొంటిమి. ఈ 35 అను సంఖ్యకు ఒక చిన్న చరిత్ర కలదు. 1960వ దశకపు ప్రారంభమున జపానులోని తామియా సంస్థవారు ఒక శకటపు బొమ్మను చేయుచు, అందులో మోటారును, బ్యాటరీలను ఇముడ్చుటకు తగిన పరిమాణము నిర్ణయించిరి. తరువాత కొలిచి చూడగా అది అసలు శకటములో సుమారు 35వ వంతుగా తేలెను. క్రమముగా లోకమందలి నమూనాకారులకు అదియే అలవాటైనది.

అసలు శకటపు దేహము పొడవు సుమారు 690 సెంటీమీటర్లు. దానిని 35 చేత భాగింపగా 19.7 వచ్చును. వెడల్పు సుమారు 9 సెంటీమీటర్లు, ఎత్తు 6 సెంటీమీటర్లకు కొంచెము పైన. ఫిరంగి నోటి వ్యాసము 76 మిల్లీమీటర్లు. నమూనాలో అది 2 మిల్లీమీటర్లకు మించి స్వల్పము. ఇక కవచపు మందమో! 20 మిల్లీమీటర్లను 35 చేత భాగింపగా అర మిల్లీమీటరుకు కొంచెము ఎక్కువ. నోటుపుస్తకపు అట్టను వ్రేళ్ల నడుమ పట్టుకొని తాతగారు, "ఈ మాత్రము గోడ వెనుక కూర్చుండి వారు యుద్ధము చేసినారు" అనిరి. ఆ మాట అప్పుడు నా మనస్సున నాటలేదు.

కఱ్ఱ కొఱకు మా నాయనగారు నన్ను కొండపల్లికి తీసికొనిపోయిరి. విజయవాడకు కొద్ది మైళ్ల దూరమున, పాత కోట క్రింద నున్న ఆ ఊర అనేక తరములుగా బొమ్మలు చేయువారు కలరు. వారు వాడునది తెల్లపొణికి అను కఱ్ఱ. అది తేలికయైనది, మెత్తనిది, ఉలికి వెన్నవలె లొంగును. ఒక వృద్ధశిల్పి తన వాకిట కూర్చుండి, అప్పుడే ఒక ఎద్దు దేహమునకు కొమ్ములు అతికించుచుండెను. కొండపల్లివారు బొమ్మను ఒకే ముక్కనుండి చెక్కరు. దేహము వేఱుగా, చేతులు వేఱుగా, తల వేఱుగా చేసి అతుకుదురు. చింతగింజల పిండిని, రంపపు పొట్టును కలిపి నూఱిన 'మక్కు' అను ముద్దతో అతుకులను కప్పి రూపమును తీర్చుదురు. అది ఆఱిన తరువాత ఆకుఱాయితో నునుపు చేసి, సుద్దపూత పూసి, అటుపిమ్మట రంగులు వేయుదురు.

"తాతా, కఱ్ఱను వెంటనే చెక్కవచ్చునా?" అని అడిగితిని. "తొందరపడకు బాబూ. పచ్చి కఱ్ఱను సన్నని సెగపై బాగుగా ఆరబెట్టవలెను. తేమయున్న కఱ్ఱ నేడు నీ మాట వినును, రేపు పగులును" అని ఆయన ఆరిన పొణికి ముక్కలు నాలుగు, కొంత మక్కు నా చేతిలో పెట్టెను. కొండపై పొణికిచెట్లు తఱగిపోవుచున్నవనియు, కఱ్ఱ దొరకుట కష్టమగుచున్నదనియు మా నాయనగారితో చెప్పి ఆయన నిట్టూర్చెను. నేను ఆ ముక్కలను ఒక్క చిదుగైనను వృథా చేయరాదని నిశ్చయించుకొంటిని.

దేహమును, గోపురమును పొణికితో చెక్కితిని. ఫిరంగికి వెదురుపుల్లను నునుపు చేసితిని. పన్నెండు చక్రములును ఒకే కొలతలో నుండుటకు మొదట అట్టతో ఒక అచ్చు కత్తిరించి, దానిని కఱ్ఱపై నుంచి గీతలు గీచి చెక్కితిని. గుడ్డపట్టీపై చిన్న చిన్న అట్టముక్కలను వరుసగా అతికించి గొలుసుపట్టాలను చేసితిని. అతుకులపై మక్కు పెట్టి, ఆకుఱాయితో రుద్ది, సుద్ద పూసితిని. కడపట సైన్యపు ఆకుపచ్చ నూనెరంగు రెండు పూతలు వేసితిని. జూను నెలాఖరునకు నా శకటము కొత్త పెండ్లికొడుకువలె నిగనిగలాడుచుండెను.

దానిని ఒక పెట్టెలో భద్రపఱచి తాతగారికి చూప తీసికొనిపోతిని. వారు కొలతలు చూచిరి, చక్రములు లెక్కించిరి, అతుకులు వ్రేలితో తడవిరి. "పని చక్కగానున్నది" అనిరి. కాని వారి ముఖమున నేను కోరిన సంతోషము కనబడలేదు. "లోపమేమి తాతగారూ?" అని అడిగితిని.

"లోపము లేకుండుటయే లోపము. ఇది ఎక్కడికిని పోలేదు, ఎవరిని మోయలేదు. దీనిలో మనుష్యులు లేరు" అని వారనిరి. "రేపు ప్రొద్దున నాతో పొలమునకు రమ్ము."

అవి కాలువలకు నీరు వదలిన దినములు. పొలములలో దమ్ము సాగుచున్నది. ఒక ట్రాక్టరు ఇనుప దమ్ముచక్రములతో నల్లరేగడి బురదను కలియదున్నుచుండెను. తాతగారు నన్ను గట్టుపై కూర్చుండబెట్టి, "చెప్పు, బురద ఎక్కడెక్కడ ఉన్నది?" అని అడిగిరి. "అంతట" అంటిని. "మఱల చూడుము" అనిరి.

నిజముగా చూడగా అంతట లేదు. చక్రముల నడుమ ముద్దలుగా నున్నది. చక్రములు విసరిన తుంపరలు వెనుకరెక్కలపై చుక్కలుగా పడినవి. నిన్నటి బురద ఆఱి బూడిదవలె తెల్లబడినది. నేటి బురద తడిసి నల్లగా నున్నది. మెట్టుపైన, పట్టుకొను కడ్డీపైన మాత్రము బురద లేదు. అచ్చట రంగుకూడ లేదు. నిత్యము తాకుడుచేత ఇనుము మెఱయుచున్నది. నూనె పోయు మూతచుట్టు నల్లని మరక క్రిందికి జాఱియున్నది. పైకప్పుపై దుమ్ము పలుచగా పేరుకొని, వాన పడిన చోట చారలు కట్టినది.

"ప్రతి మరకకును ఒక కారణము కలదు, అబ్బాయీ. కారణము తెలియని మరకను పెట్టినచో అది మురికి. కారణము తెలిసి పెట్టినచో అది చరిత్ర" అని తాతగారు చెప్పిరి. మఱునాడు విజయవాడ ఆటోనగరుకు పోయి, మరమ్మతుకు వచ్చిన లారీలను అదే దృష్టితో చూడుమని నాకు ఆజ్ఞాపించిరి. రంగు మొదట అంచులవద్ద పోవుననియు, త్రుప్పు నీరు నిలుచు మూలలందు పుట్టుననియు అచ్చట నేర్చుకొంటిని.

ఆ పిమ్మట రెండు వారములు మా పని సాగినది. మొదట పచ్చరంగులో కొంచెము తెలుపు కలిపి పైభాగములపై పలుచగా అద్దితిమి. ఇది యెందుకనగా, దూరమునుండి చూచునపుడు రంగులు వెలిసినట్లు కనబడును. విజయవాడనుండి కొండపల్లి కొండలను చూడుడు. అవి పచ్చగా గాక పాలిపోయిన నీలముగా నుండును. చిన్న నమూనాను చూచుట పెద్ద వస్తువును దూరమునుండి చూచుటవంటిదే.

తరువాత గోధుమవర్ణపు నీటిరంగును మిక్కిలి పలుచగా కలిపి, అతుకులలోను మూలలలోను పారించితిమి. నూనెరంగుపై నీటిరంగు ముత్యములవలె జాఱిపోవుచుండగా తాతగారు అందులో ఒక చుక్క కుంకుడుకాయ రసము కలిపించిరి. అప్పుడది సన్నని సందులలోనికి సులువుగా ప్రాకినది. అటుపై ముదురు గోధుమ నూనెరంగులో పీచును ముంచి, కాగితముపై ఒత్తి, దాదాపు ఆఱిన పీచుతో మూతల అంచులను, సైనికులు కాలుపెట్టు చోట్లను అద్దితిని. అవి రంగు లేచిన మచ్చలవలె కనబడినవి. నేలకు రాచుకొను గొలుసుపట్టాల అంచులపై పెన్సిలు ముల్లు అరగదీసిన పొడిని రుద్దగా ఇనుపమెఱుపు వచ్చినది.

చివరకు మట్టి. నేను పొలమునుండి గుప్పెడు రేగడి తెచ్చి పూయబోతిని. తాతగారు నా చేయి పట్టుకొనిరి. "ఒక్క మిల్లీమీటరు గల ఈ రేణువు అసలు శకటమున ఎంత యగును?" లెక్కవేసితిని: మూడున్నర సెంటీమీటర్లు. అది మట్టి కాదు, కంకరరాయి! అందుచేత మట్టిని నూఱి, పలుచని గుడ్డలో వస్త్రగాలితము చేసి, తుమ్మజిగురు నీటిలో కలిపి చక్రములకు, పట్టాలకు పట్టించితిమి. పొడిదుమ్మును మాత్రము కుంచెతో పక్కలపైనను, గోపురముపైనను చల్లితిమి. "ఈ దుమ్ము నిలువవలెనన్న దానిపై పలుచని జిగురునీరు చిలకరింపవలెను. మఱచిపోకుము" అని తాతగారు ముమ్మారు చెప్పిరి.

శకటము ఇప్పుడు బొమ్మగా లేదు. అది ఎక్కడనుండియో వచ్చి, అలసి నిలిచినట్లుండెను. నాకు గర్వము పెరిగినది. పెరిగిన గర్వము ఊరకుండనిచ్చునా? ఆ సాయంకాలము తాతగారు లేని సమయమున, చూచువారు ఆశ్చర్యపడుటకై, గోపురముప్రక్కన మేకుతో ఒక రంధ్రము చేసి, చుట్టును మసి పూసి, దాని క్రిందుగా ఎఱ్ఱరంగు చారికలు రెండు దించితిని.

తాతగారు వచ్చి చూచిరి. చాలసేపు ఏమియు ననలేదు. పిమ్మట కుర్చీలో కూర్చుండి మెల్లగా ఇట్లనిరి: "ఆ గోపురమునకు వెనుక దళపతి కూర్చుండును. అతని ప్రక్కన గుండ్లు నింపువాడు. ఇటువంటి రంధ్రము పడిన శకటములు మరమ్మతుకై మావద్దకు వచ్చెడివి. మొదట లోపలిభాగమును కడుగవలసి యుండెను. ఆ పని మాది." అంతకంటె వారు చెప్పలేదు. నేను అడుగుటకు ధైర్యము చాలలేదు. నోటుపుస్తకపు అట్టను పట్టుకొని వారు చెప్పిన మాట అప్పుడు నాకు అర్థమైనది.

"ప్రతి మరకకును కారణముండవలెనని మీరే చెప్పితిరి గదా" అని నేను నసిగితిని. "ఔను. దీని కారణము నీకు తెలియదు. తెలియనిదానిని వేడుకకై చూపరాదు" అనిరి.

ఆ రాత్రియే ఎఱ్ఱరంగును తుడిచివేసి, రంధ్రమును మక్కుతో పూడ్చితిని. తాతగారు తమ చేతులతో గుడ్డపేలికను చుట్టి చిన్న పక్కచుట్టను చేసి శకటము వెనుకభాగమున కట్టిరి. తగరపు రేకుతో చిటికెడంత బొక్కెనను చేసి దాని ప్రక్కన వ్రేలాడదీసిరి. "లోపల బ్రతికియున్నవారు కలరని తెలియుటకు ఇవి చాలును" అనిరి.

ఆగస్టు 14వ తేదీ సాయంకాలము శకటమును పాఠశాల ప్రదర్శనశాలలో ఒక బల్లపై నుంచితిని. మఱునాడు పెందలకడ వచ్చి చూచునప్పటికి నా గుండె ఆగినంత పనియైనది. శకటపు పక్కలు అద్దమువలె శుభ్రముగా నున్నవి! ప్రదర్శనశాలను ఊడ్చు వృద్ధసేవకుడు నవ్వుచు ఎదురు వచ్చి, "బాబూ, ఎంత కష్టపడి చేసినారో గాని దుమ్ము కొట్టుకొనిపోయినది. తడిగుడ్డతో తుడిచి పెట్టితిని. పైన మాత్రము, విఱుగునేమోయని భయపడి ముట్టలేదు" అనెను.

కోపము వచ్చినది. కాని ఎవరిపై? అతడు దుమ్మును దుమ్మనియే నమ్మెను. అంతకుమించిన మెప్పు నాకెవరిత్తురు? జిగురునీరు చిలకరింపుమని ముమ్మారు చెప్పినను మఱచినవాడను నేను. అతనికి నమస్కరించి, శకటము నెదుట కూర్చుంటిని. ధ్వజవందనమునకు ఇంక ఒక్క గంటయే కలదు. ఇంటికి పోవుటకు వ్యవధి లేదు.

పాఠశాల ఆవరణలోని మట్టిని చూచితిని. అది ఎఱ్ఱని గరపనేల. దానిని పూసినచో పట్టాలకు నల్లరేగడి, పక్కలకు ఎఱ్ఱదుమ్ము. ఒకే శకటము రెండు దేశములలో నడచినట్లగును. కారణము లేని మరక పెట్టరాదు. మఱి ఇప్పుడున్న దానికి కారణమేమి? గోపురముపై దుమ్మున్నది, పక్కలపై లేదు. అట్లగుట ఎప్పుడు సంభవించును?

ఒక్కసారిగా మెఱుపు మెఱసినట్లయినది. ఈ శకటము తేలును! నీటిలో దిగినప్పుడు దేహము మునుగును, గోపురము పైననుండును. నది దాటి వచ్చిన శకటము సరిగా ఇట్లే యుండును గదా! కార్యాలయమునుండి తుమ్మజిగురు సీసా అడిగి తెచ్చుకొంటిని. చిక్కని జిగురును పక్కలపై పలుచగా రాచితిని. ఆఱిన పిదప అది తడివలె మెఱసినది. నీటిగీత పైభాగమున దుమ్మును అట్లే వదలితిని. అలలనాపు పలకను పైకి లేవనెత్తితిని. పట్టాలమీది ఆఱిన మట్టిని జిగురుతో తడిపి నల్లగా చేసితిని. అది ఇప్పుడే గట్టెక్కిన బురద. గోపురముపై దుమ్మునకు జిగురునీరు చిలకరించుట ఈసారి మఱవలేదు.

ప్రదర్శన తెఱచిరి. జనులు వచ్చిరి, పోయిరి. బహుమానము ప్రకాశము బ్యారేజి చేసిన మిత్రునికి వచ్చినది. అది న్యాయమే, అతని తలుపులు నిజముగా లేచుచు దిగుచు నుండెను. పదునొకండు గంటలకు మా తాతగారు బస్సు దిగి వచ్చిరి. నేను జరిగినదేమియు చెప్పలేదు. వారు కండ్లద్దములు సవరించుకొని బల్లమీదికి వంగిరి. పట్టాలను చూచిరి. పక్కలను చూచిరి. నీటిగీతవద్ద వారి చూపు నిలిచెను. మెల్లగా పెదవులపై చిఱునవ్వు మొలచెను.

"ఏ ఏఱు దాటినది?" అని అడిగిరి.

ప్రశ్నలు

1. ట్యాంకు అను పేరు ఎట్లు వచ్చినది?
2. పీటీ-76 శకటము నీటిపై తేలుటకు కారణములేవి?
3. కొండపల్లివారు బొమ్మలను చేయు విధానమును వర్ణింపుడు.
4. ఒక మీటరు ఎత్తుగల వస్తువు 35వ వంతు నమూనాలో ఎంత యుండును? మట్టిని వస్త్రగాలితము చేయుట ఎందులకు?
5. "కారణము తెలియని మరకను పెట్టినచో అది మురికి. కారణము తెలిసి పెట్టినచో అది చరిత్ర." ఈ వాక్యమును మీ సొంత మాటలలో వివరింపుడు.
6. మీ యింటిలోగాని, పొలములోగాని చాలకాలము వాడిన ఒక పనిముట్టును పరిశీలించి, దానిపై గల గుఱుతులకు కారణములను వ్రాయుడు.